‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ తెలుగులోకి: గర్వమా, అభిమానమా? మొదటి వాక్యంలో నవ్వు ఎక్కడ పోతోంది?

ప్రశ్న: జేన్ ఆస్టిన్ 1813 నాటి నవలకి పేరు, మొదటి వాక్యం తెలుగు చేస్తున్నాను. పేరు “గర్వం – దురభిప్రాయం” అనుకున్నాను. వాక్యం ఇలా వచ్చింది: “మంచి ఆస్తి కలిగివున్న ఒక ఒంటరి పురుషుడు భార్య అవసరంలో ఉండి తీరాలి అనేది విశ్వవ్యాప్తంగా అంగీకరించబడిన సత్యం.” అర్థం వచ్చింది గానీ నవ్వు రాలేదు.

జవాబు: “అంగీకరించబడిన” దగ్గరే సగం పోయింది, అది ఉత్తర్వుల భాష. మూలంలో వాక్యం తత్వగ్రంథంలా పైనుంచి మొదలై పెళ్ళి బేరంలోకి జారిపడుతుంది. పడాలంటే ముందు ఎత్తు ఉండాలి. “జగమెరిగిన సత్యం” ఆ ఎత్తు ఇస్తుంది. చివర “భార్య” అంటే మర్యాద అలాగే నిలిచిపోతుంది, “పెళ్ళాం” అంటే దిగుతుంది. కానీ మన వాక్యంలో “సత్యం” చివరికి చేరితే ఆ జారుడు తలకిందులవుతుంది. అందుకని విరిచేయండి: “జగమెరిగిన సత్యం ఒకటుంది: ఆస్తి ఉన్న బ్రహ్మచారికి పెళ్ళాం కావలసిందే.”

“అవసరంలో ఉండి” అక్కర్లేదు. మూలంలోని ‘వాంట్’ అనే మాటకి లోటు, కోరిక అని రెండర్థాలు. మనకి “కావాలి” ఉండనే ఉంది, అదీ అంతే. పెళ్ళాం కావాలని అతను కోరుకుంటున్నాడా, ఊరే అతని తరఫున తేల్చేసిందా? “కావలసిందే” దాన్ని తేల్చదు. ఆ తేలకపోవడంలోనే వ్యంగ్యం ఉంది.

“ఆస్తి” అన్న మాట మాత్రం వదలకండి, రెండో వాక్యంలో మళ్ళీ కావాలి. చుట్టుపక్కల కుటుంబాలు ఆ కుర్రాడిని తమ ఆడపిల్లల్లో ఎవరో ఒకరి హక్కైన ఆస్తిగా లెక్కేస్తారు. మొదటి వాక్యంలో ఆస్తి ఉన్నవాడు రెండో వాక్యానికి తానే ఆస్తి అవుతాడు. కథలోని బెన్నెట్ ఇంట్లో అయిదుగురు ఆడపిల్లలు. ఏడాదికి 2,000 పౌండ్లు వచ్చే వాళ్ళ ఎస్టేటు లాంగ్‌బోర్న్ మగ వారసుడికే చెందాలి కాబట్టి తండ్రి తర్వాత అది బంధువు కాలిన్స్‌కి పోతుంది. ఆస్తి లేనివాళ్ళకి ఆస్తిగా మగవాడు! అక్కడ “సంపద”, ఇక్కడ “సొత్తు” అని మార్చి రాస్తే ఈ ముడి ఊడిపోతుంది.

ఇంకొకరి చేర్పు: “కావాలట” అని “ట” తగిలించాలనిపిస్తుంది, మన చేతికి అలవాటు. వద్దు. “ట” పడగానే కథకురాలు ఆ మాట తనది కాదని తప్పుకున్నట్టు అవుతుంది. ఆస్టిన్ తప్పుకోదు, మొహం కదపకుండా చెప్పేస్తుంది. అది ఆ ఆడపిల్లల తల్లి మిసెస్ బెన్నెట్ మనసులో మాటని తర్వాతి పేజీలో పాఠకుడే పట్టుకోవాలి. “కదా” గానీ, ఆశ్చర్యార్థకం గానీ పెట్టినా ఇదే తప్పు.

పేరు గురించి: ప్రెజుడిస్ అంటే ముందే పడిపోయిన అభిప్రాయం, దానికి “దురభిప్రాయం” సగమే సరిపోతుంది. ధనవంతుడు డార్సీ మీద బెన్నెట్ల రెండో కూతురు, కథానాయిక ఎలిజబెత్‌కి ఉన్నది దురభిప్రాయమే. మరి సైనికాధికారి వికమ్ మీద? అది సదభిప్రాయం, అదీ ముందే పడిపోయినదే. ఒకడు తనని ప్రత్యేకంగా చూశాడు, మరొకడు లెక్కచెయ్యలేదు, తీర్పులు రెండూ అక్కణ్ణుంచే పుట్టాయి. 36వ అధ్యాయంలో డార్సీ రాసిన ఉత్తరం మళ్ళీ చదువుకుని ఆమె ఒప్పుకునేది ఇదే. హిందీలో “పూర్వాగ్రహ్” ఉంది గానీ మనకి ఆగ్రహం అంటే కోపం, పనికిరాదు.

నేనైతే “అభిమానం – దురభిమానం” అంటాను. “అభిమానం దెబ్బతింది” అన్నప్పుడు అది గర్వం, “ఆయనంటే అభిమానం” అన్నప్పుడు ఇష్టం. ఈ రెండింటి మధ్యే కదా నవలంతా! 5వ అధ్యాయంలో ఎలిజబెత్ అనేది తెలుగులో ఎంత తేలిగ్గా కుదురుతుందో చూడండి: “నా అభిమానం దెబ్బతియ్యకపోతే అతని అభిమానాన్ని తేలిగ్గానే క్షమించేదాన్ని.”

దానికి అభ్యంతరం: వాక్యం బాగుంది, పేరు ఒప్పుకోను. దురభిమానం అనగానే కులం, ప్రాంతం, భాష గుర్తొస్తాయి, ఒక మనిషి మీద అభిప్రాయం కాదు. డార్సీకి సరిపోవచ్చు: 34వ అధ్యాయంలో పెళ్ళి అడుగుతూనే ఆమె బంధువుల తక్కువతనం ఎత్తాడు. ఎలిజబెత్‌కి సరిపోదు. పైగా అదే 5వ అధ్యాయంలో ఎలిజబెత్ చెల్లెలు మేరీ ఇచ్చే నిర్వచనం ఉంది: ప్రైడ్ మన గురించి మనం అనుకునేది, వానిటీ మన గురించి ఇతరులు అనుకోవాలని మనం కోరేది. రెండో మాటకి “డాంబికం” అని రాయకండి, అది కాలిన్స్‌కి. 36లో ఎలిజబెత్ తనకి అంటగట్టుకునే వానిటీ “మెప్పు మీద మోజు”. ఎవరూ పట్టించుకోని మేరీ పుస్తకాల మాటే 31 అధ్యాయాల తర్వాత అక్క పశ్చాత్తాపానికి కొలబద్ద అవుతుంది. అందుకే రెండు చోట్లా అదే మాట వాడాలి.

పాత్ర ఎదుగుదల గురించి ఒక చిన్న మాట: ఇంగ్లీషులో లేని సాధనం మనకుంది. ఎలిజబెత్ తలపుల్లో డార్సీ మొదట “అతగాడు”. ఉత్తరం రెండోసారి చదివాక “అతను”. 43వ అధ్యాయంలో, అతన్ని నాలుగేళ్ళ వయసు నుంచీ ఎరిగిన, అతని ఇంటి పెద్ద పనిమనిషి మెచ్చుకున్నాక “ఆయన”. వికమ్‌ది తిరుగు ప్రయాణం. 34లోనే “అతను” చేసేస్తే గుట్టు ముందే బయటపడుతుంది.

అడిగినవారు మళ్ళీ: 59వ అధ్యాయంలో, డార్సీ మీద ఎప్పటినుంచి ప్రేమ అని అక్క జేన్ అడిగితే, అతని ఎస్టేటు పెంబర్లీ తోటలు చూసిన దగ్గర్నుంచి అంటుంది ఎలిజబెత్. “నవ్వుతూ అంది” అని చేర్చనా?

జవాబు: వద్దు. సరదాలు మాని సరిగ్గా చెప్పమని జేన్ వెంటనే బతిమాలుతుంది, ఆ పని అక్కడే అయిపోయింది. “పెంబర్లీ తోటలు చూసిన దగ్గర్నుంచీ అనుకుంటా” చాలు. అదీగాక అది పూర్తిగా ఎగతాళి కాదు. 43లో ఆ ఇల్లు చూస్తూ, దీనికి యజమానురాలినైతే తక్కువ సంగతేం కాదని ఆమె అనుకోనే అనుకుంది.