క్యాన్ నీళ్లే తాగుతున్నాం, అయినా ఒళ్లునొప్పులు, నీరసం ఎందుకు తగ్గట్లేదు?

జాకెట్లక్క, కనిగిరి:
అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్లు. కనిగిరి దగ్గర పల్లె మాది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నాలుగేళ్ల నుంచి నడుము, మెడ, మోకాళ్లు పట్టేస్తున్నాయి. పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. సూదిలో దారం ఎక్కిద్దామని తల వంచితే మెడ సగంలో ఆగిపోతుంది. నొప్పినైనా ఓర్చుకోవచ్చు గానీ ఈ నీరసం మాత్రం నా వల్ల కావట్లేదు. రోజుకి పది జాకెట్లు ఒప్పుకుని నాలుగు కుట్టి పడుకుంటున్నా. దాహం ఎక్కువ, రాత్రి మూడుసార్లు లేస్తాను. షుగరు లేదు, థైరాయిడ్ లేదు, కీళ్లవాతం పరీక్షలోనూ ఏమీ రాలేదు. డి విటమిన్ తక్కువుందని వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల గోలీలు ఎనిమిది వారాలు వేసుకున్నా, కాస్త తేలికపడింది అంతే. ఒక డాక్టరుగారైతే "అంతా నీ మనసులోనే ఉందమ్మా" అన్నారు. నొప్పి బిళ్ల లేనిదే పొద్దు గడవట్లేదు.

పాలు, గోధుమ మానేస్తే తగ్గుతుందని యూట్యూబులో చెప్తున్నారు. ఎవరైనా మానేసి చూశారా? మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలుసు గానీ, ఆరేళ్లుగా క్యాన్ నీళ్లే తాగుతున్నాం. కాబట్టి అది కాదనుకుంటున్నా.

గోధుమ వద్దు, విజయవాడ:
నేను మూడు నెలలు చపాతీ మానేశా అక్కా. కడుపుబ్బరం పోయింది, నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి.

రిటైర్డ్ సారు, మర్రిగూడ:
అమ్మా, ఒక్కటి అడుగుత. తాగేవి క్యాన్ నీళ్లు, సరే. మరి అన్నానికి ఎసరు ఏ నీళ్లతోని పెడుతున్నవ్? పప్పుకు? చాయ్‌కి?

జాకెట్లక్క, కనిగిరి:
వంటకి బోరు నీళ్లే సార్. ఎలాగూ మరుగుతాయి కదా అని.

రిటైర్డ్ సారు, మర్రిగూడ:
గక్కడనే ఉన్నది తిప్పలంతా. మరిగిస్తే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఆవిరై పోతయి, అది గిన్నెల్నే ఉండి ఇంకింత చిక్కబడ్తది. మా ఇంట్ల గూడ ఇదే పొరపాటు. నల్లగొండల పుట్టి పెరిగి, బడిల పిల్లలకు ఫ్లోరోసిస్ (నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పండ్లు పాడయ్యే జబ్బు) పాఠం చెప్పినోణ్ణి, మా అమ్మకు మాత్రం తాగే బిందె మార్చి వంట బిందె మరిచిన. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే చూసుకుంట కూడా నాకు తట్టలే.

ఇప్పుడు లేచి నిలబడు, మూడు పనులు చెయ్. మోకాళ్లు వంచకుంట వంగి నేలను ముట్టు. గదుమ ఛాతీకి ఆనించు. రెండు చేతులు తల ఎనకకు పెట్టు. ఎంతమటుకు అయిందో రాయి. ఇంట్ల పిల్లలుంటే వాళ్ల పండ్ల మీద పసుపుపచ్చ చారలున్నయా చూడు.

బోరు నీళ్లు సీసల పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు ఇయ్యి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, ఏ గతీ లేకపోతే 1.5. పరీక్ష కిట్టు దొరికితే నువ్వే చూడొచ్చు, ఫ్లోరైడ్ ఎక్కువుంటే గులాబీ రంగు మందు పసుపుకు తిరుగుతది.

పాలు అస్సలు మానొద్దు. కాల్షియం కడుపులనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి పట్టనియ్యదు. రాగి జావ, నువ్వులు, మునగాకు, పెరుగు తిను. ఉసిరి, జామ, నిమ్మ పెట్టు. చింతపండు చారు భయం లేకుంట తాగు. రోజుకు 10 గ్రాముల చింతపండు తింటే మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోయిందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థోళ్లు పిల్లల మీద పరీక్షించి చెప్పిన్రు. వక్కపొడి, నల్లుప్పు, పాలు లేని టీ బంద్. టీ ఆకులనే ఫ్లోరైడ్ ఉంటది.

మీ దిక్కు ఇది కొత్త ముచ్చట కాదు. ప్రకాశం జిల్లా పుట్టింది 1970ల. అంతకుముందు మీ కనిగిరి నెల్లూరు జిల్లలనే ఉండె. మన దేశంల ఈ జబ్బు గురించి వైద్య పత్రికల మొదలు రాసింది ఆ నెల్లూరు జిల్లను చూసే, 1937ల.

నర్సు పద్మం, ఒంగోలు:
సారు చెప్పింది నిజమే. కాకపోతే అంతా నీళ్ల మీదకే నెట్టొద్దమ్మా, బి12, హిమోగ్లోబిన్ కూడా చూపించుకో. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానుకో, ఐరన్ ఒంటికి పట్టదు. ముంజేతికి ఎక్స్‌రే తీయమను. రెండెముకల మధ్య పొర గట్టిపడిందంటే ఫ్లోరోసిసే, అనుమానమే అక్కర్లేదు. నొప్పి బిళ్లలు రోజూ వద్దు. ఫ్లోరైడ్ బయటికి పోయేది కిడ్నీల గుండానే, వాటినే పాడుచేసుకుంటే ఎలా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించి, డాక్టరుగారితో మాట్లాడి తగ్గించుకో.

జాకెట్లక్క, కనిగిరి (నాలుగు నెలల తర్వాత):
సార్, పద్మమ్మా, మీకు చెప్పకుండా ఉండలేకపోయా. బోరు నీళ్లలో 3.8 వచ్చింది. ఎక్స్‌రేలో ఆ పొర మీద ముల్లులాంటి గీత కనిపించింది, మొదలే అన్నారు. ఆ రోజు గడ్డానికీ ఛాతీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టేవి.

ఇప్పుడు రోజుకి రెండు క్యాన్లు, పది రూపాయలవి. మా ఆయన గొణుగుతున్నాడు. మా అత్తమ్మేమో అన్నం చప్పగా ఉందంటుంది. రెండు నెలలు గడిచాక గానీ గుర్తు రాలేదు, మినప్పప్పు నానేసేది, ఇడ్లీ పిండి రుబ్బేది ఇంకా బోరు నీళ్లతోనే! తల బాదుకున్నా.

ముందు తగ్గింది పొట్టనొప్పి. అది ఉందని మీకు రాయను కూడా రాయలేదు, అంత అలవాటైపోయింది. రాత్రి ఒక్కసారే లేస్తున్నా. గడ్డం దగ్గర ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయి. జాకెట్లు ఏడు దాకా కుడుతున్నా. నొప్పి బిళ్ల వారానికి ఒకటో రెండో. మోకాళ్లు మాత్రం ఏమీ మారలేదు.

డాబా మీద వాననీళ్లు పట్టుకోవచ్చా సార్? క్యాన్ల ఖర్చు తగ్గుతుందని.

రిటైర్డ్ సారు, మర్రిగూడ:
పట్టుకో. వాననీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నా లేనట్టే. డాబా కడిగిపెట్టు, మొదటి వాన వదిలెయ్, తాగేటప్పుడు కాచి వడబొయ్. మోకాళ్లు మా అమ్మవి గూడ పూర్తిగ రాలే, అబద్ధం చెప్ప. పిల్లల పండ్ల సంగతి చెప్పలేదు నువ్వు.

జాకెట్లక్క, కనిగిరి:
పెద్దదానికి పైపళ్ల మీద పసుపు చారలున్నాయి సార్. గుట్కా మరక కాదు కదా అని ఒకసారి తిట్టా కూడా, పాపం. చిన్నోడికి ఇంకా పాలపళ్లే. వాడి బడిలో మధ్యాహ్నం అన్నం ఏ నీళ్లతో వండుతున్నారో రేపు వెళ్లి అడుగుతా.