30 లాప్‌టాప్‌లు కొనాలి: ఏ ఫీచర్ల కోసం పట్టుబట్టాలి, ఏవి వదిలేయొచ్చు?

ఓఆర్ఆర్_ఐటీడెస్క్ (మారతహళ్లి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. ఆఫీసుకు 30 లాప్‌టాప్‌లు కొంటున్నాం. 22 టెస్టింగ్, సపోర్ట్ వాళ్లకి, 8 అకౌంట్స్‌కి. జీఎస్టీ కాకుండా ఒక్కోటి 68 వేలు దాటకూడదు. ఐదేళ్లు వాడాలన్నది ఆలోచన. డీలర్ రెండు కొటేషన్లు ఇచ్చారు.

మొదటిది 14 అంగుళాల పల్చటి అల్యూమినియం బాడీ. 1920×1200 టచ్ స్క్రీన్, బోర్డుకే సోల్డర్ చేసిన (తర్వాత మార్చలేని) 16 జీబీ ర్యామ్, రెండు టైప్-సి పోర్టులు (రెండూ ఎడమ పక్కనే), ఒక యూఎస్‌బీ-ఎ, హెచ్‌డీఎంఐ. ల్యాన్ పోర్టు లేదు. కోపైలట్ కీ (మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడిని తెరిచే బటన్) ఉంది.

రెండోది 15.6 అంగుళాల ప్లాస్టిక్ బాడీ. 1920×1080, 250 నిట్స్ వెలుగు, 8 జీబీ సోల్డర్ చేసింది ప్లస్ ఒక ఖాళీ స్లాట్, ల్యాన్ పోర్టు, గుండ్రటి పిన్ను చార్జర్, నంబర్ ప్యాడ్, 41 వాట్-అవర్ బ్యాటరీ.

30 తీసుకుంటున్నాం కాబట్టి ఇదే ధరలో వేరే మోడల్ చూపించమనీ అడగొచ్చు, మార్పులూ అడగొచ్చు. మీరైతే ఏం అడుగుతారు?

ఎస్పీరోడ్_బెంచ్:

కొటేషన్ షీటులో రాయని రెండు విషయాలు ముందు అడగండి. హింజ్ (మూత తిరిగే కీలు) దేనికి బిగించారు? కీబోర్డు ఎలా బిగించారు? ఐదేళ్ల లోపు సర్వీసుకు వచ్చే లాప్‌టాప్‌లలో ర్యామ్, ప్రాసెసర్ కంటే ఎక్కువ తంటా పెట్టేవి ఈ రెండే.

ప్లాస్టిక్ బాడీలో హింజ్ స్క్రూలు దిగేది సి ప్యానెల్ (కీబోర్డు చుట్టూ ఉండే భాగం) లోపల కూర్చోబెట్టిన చిన్న ఇత్తడి బుష్‌లలోకి. వాడేకొద్దీ కొన్ని హింజ్‌లు బిర్రుగా అవుతాయి. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా బుష్‌ల మీద పడి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పగిలి, బుష్ స్క్రూతో సహా ఊడొస్తుంది. మూత తీస్తుంటే హింజ్ దగ్గర ప్యానెల్ అంచు నోరు తెరిచిందంటే లోపల జరిగింది ఇదే. ఎం-సీల్ పెట్టి అతికిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. అలాగే వాడితే హింజ్ పక్క నుంచి పోయే డిస్‌ప్లే కేబుల్ కూడా నలిగి తెగుతుంది. సి ప్యానెల్ మెటల్‌ది కావాలి, లేదా కనీసం హింజ్ కింద మెటల్ ఫ్రేమ్ ఉండాలి. పైమూత అల్యూమినియం అని బ్రోషర్‌లో ఉంటే సరిపోదు, అది ఎ ప్యానెల్ మాత్రమే.

కీబోర్డు కూడా అంతే. స్క్రూలతో ఉంటే విడిగా మార్చొచ్చు. చాలా మోడళ్లలో ప్లాస్టిక్ రివెట్లు కరిగించి సి ప్యానెల్‌కి అతికేస్తున్నారు. అందులో కాఫీ పడితే మొత్తం ప్యానెల్ కొనాలి. లేదంటే రివెట్లు ఒక్కొక్కటీ తెంపి, కొత్త కీబోర్డు పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించాలి. అలా చేసిన కీబోర్డు నడుమ నొక్కితే కాస్త ఊగుతుంది.

బ్యాటరీ 41 కాదు, 55 వాట్-అవర్‌కి తగ్గకుండా అడగండి. స్క్రూలతో బిగించి ఉండాలి, జిగురుతో కాదు. ఆఫీసులో రోజంతా చార్జర్‌కే ఉంటాయి కాబట్టి చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెటింగుల్లో) ఉందో లేదో చూడండి. ఎప్పుడూ నిండుగా, వేడిలో ఉండే బ్యాటరీలు తొందరగా ఉబ్బుతాయి. మొదటి గుర్తు టచ్‌ప్యాడ్: క్లిక్ గట్టిపడుతుంది, తర్వాత ఒక అంచు పైకి లేస్తుంది. ఆ దశలో చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, బ్యాటరీ మార్పించాలి. పైనుంచి నొక్కి సరిచేయబోవద్దు.

టచ్ స్క్రీన్ తీసేయించండి. టెస్టింగ్‌కీ అకౌంట్స్‌కీ దాంతో పనిలేదు. బరువు పెరుగుతుంది, ట్యూబ్‌లైట్లన్నీ అందులో కనిపిస్తాయి, గాజు పగిలితే చాలావాటిలో డిస్‌ప్లేతో కలిపి మార్చాలి. మ్యాట్ స్క్రీన్, 300 నిట్స్ చాలు.

చార్జింగ్ విషయంలో మాత్రం గుండ్రటి పిన్నే నయమంటాను. ఆ జాక్ చిన్న వైరుతో కనెక్టర్‌కి ఉంటుంది, పోతే పావుగంటలో కొత్తది వేయొచ్చు. టైప్-సి పోర్టుకి 24 పిన్నులు, ఎక్కువ మోడళ్లలో నేరుగా మదర్‌బోర్డుకే సోల్డర్. ఎవరి కాలైనా వైరుకి తగిలి లాగితే బోర్డు రిపేరే.

కేబుల్_కట్ట:

బెంచ్ గారు హింజ్ గురించి చెప్పినదానికి నూటికి నూరు. చార్జర్ విషయంలో ఒప్పుకోను. 30 మంది ఉన్న చోట ఎవరి చార్జరైనా ఎవరికైనా పనికిరావడం పెద్ద సౌకర్యం. యూరప్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త లాప్‌టాప్‌లకు టైప్-సి చార్జింగ్ తప్పనిసరి చేశారు కాబట్టి పెద్ద కంపెనీల మోడళ్లు అటే పోతాయి. మీ మొదటి కొటేషన్‌లో అసలు లోపం రెండు పోర్టులూ ఒకే పక్క ఉండటం. ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండూ చార్జింగ్ తీసుకునేవి అడగండి. ఒకటి విరిగినా రెండోదాంతో పని నడుస్తుంది, టేబుల్ మీద వైరు అడ్డంగా లాగాల్సిన పనీ ఉండదు.

కేబుల్ దగ్గర జాగ్రత్త. లోపల ఈ-మార్కర్ చిప్ (కేబుల్ ఎంత కరెంటు మోయగలదో చెప్పేది) లేని టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లకే పరిమితం, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 65 వాట్ల చార్జర్‌కి దాంతో పెద్ద నష్టం లేదు. 100 వాట్ల డాక్ (చార్జింగ్, మానిటర్ అన్నీ ఒకే వైరుతో ఇచ్చే పెట్టె) పెడితే మాత్రం 5 ఆంపియర్ల కేబులే కావాలి, లేకపోతే చార్జింగ్ ఎందుకు తగ్గిందో తెలియక డాక్‌ని అనుమానిస్తారు.

ల్యాన్ పోర్టు వదిలేయండి. పల్చటి మోడళ్లలో పెట్టే ల్యాన్ పోర్టుకి కింద స్ప్రింగ్ రెక్క ఉంటుంది, అది విరిగితే కేబుల్ నిలవదు. దాని బదులు ఐటీ గదికి నాలుగైదు యూఎస్‌బీ 3.0 గిగాబిట్ డాంగిళ్లు (యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్లు) కొనండి. మరీ చవకవి తీసుకోవద్దు, వాటిలో చాలావరకు 100 ఎంబీపీఎస్‌వే. 40 జీబీ ఇమేజ్ (విండోస్, సాఫ్ట్‌వేర్లు అన్నీ కలిపిన కాపీ) గిగాబిట్ మీద ఆరేడు నిమిషాల్లో దిగితే, 100 ఎంబీపీఎస్ మీద దాదాపు గంట. బయోస్ ఆ డాంగిల్ నుంచి నెట్‌వర్క్ బూట్ (నెట్‌వర్క్ మీదుగానే మెషీన్ మొదలవడం) తీసుకుంటుందో లేదో ముందే పరీక్షించండి. ఇంకోటి: మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) డాంగిల్‌ది, లాప్‌టాప్‌ది కాదు. స్విచ్‌లో మ్యాక్ ఆధారంగా పోర్టులు లాక్ చేసి ఉంటే, ఒకే డాంగిల్ పది మందికి తిప్పినప్పుడు స్విచ్‌కి అందరూ ఒకే మెషీన్‌లా కనిపిస్తారు.

హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే. మీటింగ్ గదిలో ప్రొజెక్టర్ ముందు అడాప్టర్ కోసం వెతుక్కోకూడదు. 1.4 వెర్షన్ అయితే 4కే టీవీ మీద 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ ఈడుస్తున్నట్టు ఉంటుంది.

ఓచర్_ఎంట్రీ:

అందరూ 14 అంగుళాలవే తీసుకోండనేలా ఉన్నారు. ఆ 8 మంది అకౌంట్స్ వాళ్ల గురించి కాస్త ఆలోచించండి. ట్యాలీలో ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. కొత్త లాప్‌టాప్‌లలో ఈ వరుస ముందుగా బ్రైట్‌నెస్‌కీ సౌండ్‌కీ సెట్ చేసి వస్తుంది. బయోస్‌లో గానీ, చాలా మోడళ్లలో ఎఫ్ఎన్ ప్లస్ ఎస్కేప్‌తో గానీ ఎఫ్ కీలకు మార్చొచ్చు. అలా మార్చలేని మోడల్ అయితే అకౌంట్స్‌కి వద్దే వద్దు.

నంబర్ ప్యాడ్ ఉండాలి, కానీ ఏ నంబర్ ప్యాడ్ అన్నది చూసి తీసుకోండి. 15.6 అంగుళాల వాటిలో చాలాచోట్ల సున్నా కీ మిగతా అంకెల కీ అంతే ఉంటుంది, కీలన్నీ సన్నగా ఉంటాయి, కుడి బాణం సున్నా కిందకి దూరుతుంది. చూడకుండా కొట్టేవాళ్లకి ఇవన్నీ తప్పులే. సీట్లోనే కూర్చునేవాళ్లకి 14 అంగుళాలది ఇచ్చి, పూర్తి సైజు యూఎస్‌బీ కీబోర్డు విడిగా ఇవ్వడం మేలు. క్లయింట్ల దగ్గరికి ఆడిట్‌కి వెళ్లేవాళ్లకే 16 అంగుళాలవి, వెడల్పు సున్నా ఉన్నవి తీసుకోండి.

స్క్రీన్ మాత్రం 1200 పిక్సెళ్ల ఎత్తుదే కావాలి. ఎక్సెల్లో మామూలు వరుస 20 పిక్సెళ్లు, అంటే 1080 కంటే ఆరు వరుసలు అదనం. స్కేలింగ్ 125 శాతం పెడితే వరుస 25 అవుతుంది, అప్పుడూ నాలుగైదు ఎక్కువే.

కోపైలట్ కీ గురించి కూడా అడగండి. చాలా మోడళ్లలో కుడి కంట్రోల్ తీసేసి అక్కడ పెట్టారు. కుడిచేత్తో కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కే అలవాటున్నవాళ్లకి అది రోజూ తగిలే ఇబ్బంది. ఆ కీ పంపేది విండోస్, షిఫ్ట్, ఎఫ్23 మూడూ కలిపిన సంకేతం. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్ టూల్‌తో మార్చినా నొక్కి పట్టుకునే కంట్రోల్‌లా అన్నిచోట్లా పనిచేయదు.

ఓఆర్ఆర్_ఐటీడెస్క్:

చాలా థాంక్సండీ. టచ్, ల్యాన్ కొట్టేశాను. టైప్-సి చెరో పక్క అని రాశాను. ర్యామ్ దగ్గరే ఆగాను. సోల్డర్ 16 తీసుకోవాలా, స్లాట్ ఉన్నదే కావాలనాలా? టెస్టింగ్‌లో ఏడుగురు ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) నడుపుతారు.

ఎస్పీరోడ్_బెంచ్:

టైప్-సి రెండు పక్కలా ఉంటే నా అభ్యంతరం తగ్గినట్టే. ఆ పోర్టులు విడి చిన్న బోర్డు మీద ఉంటే ఇంకా మంచిది.

ర్యామ్‌కి అందరికీ ఒకే సమాధానం కుదరదు. సోల్డర్ చేసే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం ర్యామ్ వేగం ఎక్కువ, నిద్రలో ఉన్నప్పుడు తినే కరెంటు తక్కువ. సపోర్ట్, అకౌంట్స్ వాళ్లకి 16 సోల్డర్ చాలు. చిప్ పోతే బోర్డే మార్చాలి కాబట్టి మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీతోనే తీసుకోండి. ఎమ్యులేటర్ వాళ్లకి మాత్రం రెండు స్లాట్లు ఉన్నది, 16 చొప్పున రెండు స్టిక్కులు, మొత్తం 32.

8 సోల్డర్ ప్లస్ ఒక స్లాట్ అనేది వద్దు. 16 స్టిక్ వేస్తే 24 అవుతుంది, అందులో 16 వరకే రెండు ఛానెళ్ల మీద వేగంగా నడుస్తుంది, మిగతా 8 ఒకే ఛానెల్ మీద, నెమ్మదిగా. గ్రాఫిక్స్ విడిగా లేని మెషీన్లకి ఆ తేడా తెలుస్తుంది.

కేబుల్_కట్ట:

ఎన్‌పీయూ (ఏఐ పనుల చిప్పు) 40 టాప్స్ వేగం అంటూ కోపైలట్ ప్లస్ మోడల్ అంటగట్టబోతే ఆ డబ్బు ఈ ర్యామ్‌కి మళ్లించండి. విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌తో ఆఫీసు డొమైన్‌లో (అన్ని మెషీన్లనూ ఒకేచోట నుంచి నడిపే నెట్‌వర్క్‌లో) చేర్చలేరు. కెమెరాకి లోపలే షట్టర్ ఉన్నది అడగండి. పైన అతికించే మూతలు పెట్టి లాప్‌టాప్ మూసి బ్యాగులో నొక్కితే స్క్రీన్ అక్కడే పగులుతుంది. లాక్ స్లాట్ కూడా ఉంచండి, కానీ 7×3 మిల్లీమీటర్ల మామూలు రకమా, 6×2.5 నానోనా చూసి కేబుళ్లు కొనండి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఎస్పీరోడ్_బెంచ్:

పీఓ (పర్చేజ్ ఆర్డర్) ఇచ్చే ముందు ఒక శాంపిల్ తెప్పించి, డీలర్ మనిషి ఎదుటే కింద డి ప్యానెల్ విప్పించండి. హింజ్ అడుగున మెటల్ ఉందా, బ్యాటరీకి స్క్రూలున్నాయా, ఎస్ఎస్‌డీ స్లాట్ 2280 (పొడవు రకం) సైజుదా లేక 2230 (పొట్టి రకం) ఒక్కటే పడుతుందా, వైఫై కార్డు విడిగా ఉందా సోల్డరా, ఫొటోలు తీసుకోండి. ప్రతి టైప్-సి పోర్టులో చార్జర్ పెట్టి చూడండి, తర్వాత మానిటర్ పెట్టి చూడండి. చార్జ్ అయ్యే ప్రతి పోర్టూ వీడియో ఇవ్వాలని లేదు.

మోడల్ పేరు ఒకటే అయినా లాట్ మారితే స్క్రీన్ ప్యానెల్ మారుతుంది, ఎస్ఎస్‌డీ మారుతుంది. పీఓలో పేరు కాదు, పూర్తి పార్ట్ నంబరు రాయించండి. స్క్రీన్ నిట్స్, బ్యాటరీ వాట్-అవర్లు, ర్యామ్ ఎన్ని స్టిక్కులు అన్నది విడి లైన్లుగా ఉండాలి. డెలివరీ రోజు 30లో ఏవైనా నాలుగు పెట్టెలు మీరే ఎంచి తెరిచి, శాంపిల్ ఫొటోలతో పోల్చాకే చలానా మీద సంతకం పెట్టండి.