సముద్రం ఎదురుగా ఉన్న ఇంట్లో సన్నని ఎల్‌ఈడీ టీవీ: ఏ గోడకు, ఏ తీగతో, ఏ సెట్టింగులతో?

ప్రశ్న – లాసన్స్ బే కాలనీ సభ్యురాలు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మూడవ అంతస్తులో ఉంది. హాలుకు తూర్పున బాల్కనీ, దాని అవతల సముద్రం. గత వారం 43 అంగుళాల 4కె ఎల్‌ఈడీ టీవీ కొన్నాము. పై అంచు దగ్గర వేలు మందం కూడా లేదు. ప్రస్తుతానికి పాత టీవీ బల్ల మీదనే నిలబెట్టాము. బిగించే అబ్బాయి ఆదివారం వస్తానన్నాడు. బాల్కనీ తలుపు పక్కనున్న తూర్పు గోడకు బిగిస్తే తీగలు బయటికి కనబడవని అతని సలహా.

మా ఇబ్బందులు ఇవి. దుకాణంలో కళ్లు జిగేల్మనిపించిన బొమ్మ ఇంటికి వచ్చేసరికి మసకగా ఉంది. కొన్ని ఛానళ్లలో మనుషులు పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తున్నారు. వార్తల ఛానళ్లలో అడుగున పరుగెత్తే అక్షరాల వరుస సగానికి తెగిపోతోంది. పాత సినిమా పెడితే మా నాన్నగారు, ‘ఇది సినిమాలా లేదమ్మా, పెళ్లి వీడియోలా ఉంది’ అన్నారు. ఆయనకు 76 ఏళ్లు. పాటలు హోరెత్తిపోతున్నా మాటలు మాత్రం ఆయన చెవికి అందడం లేదు. దీనికి స్టెబిలైజరు కూడా కొనాలని దుకాణంవారు చెప్పారు. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు – డాబాగార్డెన్స్ సభ్యుడు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేసిన మనిషిని. మీరు రాసినదాన్ని బట్టి టీవీలో లోపమున్నట్టు నాకు అనిపించడం లేదు. తీగ ఒకటి మార్చి, రిమోట్‌లో నాలుగైదు మార్పులు చేసుకుంటే వీటిలో చాలావరకు తీరిపోతాయి. గోడ సంగతి మాత్రం ఆదివారం లోపే తేల్చుకోవాలి కనుక ముందుగా అదే రాస్తున్నాను.

తూర్పు గోడ వద్దు. అక్కడ బిగిస్తే, టీవీ చూసేవారి కళ్లకు తెర పక్కనుంచే బాల్కనీ వెలుగు సూటిగా కొడుతుంది. పొద్దున్నే సముద్రం మీది ఎండ తోడైతే తెర నల్లగా వెలవెలబోతుంది. అలాగని ఎదురుగా పడమటి గోడకు బిగిస్తే బాల్కనీ మొత్తం తెరలో అద్దంలో లాగా ప్రతిబింబిస్తుంది. ఉత్తరపు గోడ గానీ దక్షిణపు గోడ గానీ ఎంచుకుంటే వెలుగు పక్కనుంచి పడుతుంది, ఒక మందపాటి కర్టెన్‌తో సరిపోతుంది. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. సముద్రం వైపు బయటి గోడ ఉప్పుగాలికీ వానజల్లుకూ నేరుగా ఎదురు నిలిచే గోడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిమీద తీరం దాటిన తరువాత, తూర్పు గోడలు లోపలి వైపు కూడా చెమ్మగిల్లి, సున్నం పెచ్చులు ఊడిన ఇళ్లకు నేను నెలల తరబడి పనిమీద వెళ్లాను. అలాంటి గోడకు అరంగుళం ఎడంలో టీవీ ఉంటే ఆ తేమంతా దాని వీపులోకే పోతుంది. కాబట్టి రెండు గదుల మధ్యనున్న లోపలి గోడను చూసుకోండి.

ఎత్తు గురించి. కుర్చీలో కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు తెర మధ్యభాగం రావాలి. 43 అంగుళాల తెర నిలువు సుమారు 21 అంగుళాలు, అడ్డం సుమారు 37న్నర అంగుళాలు. సోఫాలో కూర్చునేవారి కన్ను నేలకు 40, 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది కనుక తెర అడుగు అంచు నేలకు రెండున్నర అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటే చాలు. చాలా ఇళ్లలో తలుపు ఎత్తుకు బిగించి మెడనొప్పి తెచ్చుకుంటున్నారు. నాన్నగారు మంచం మీద పడుకుని చూసే అలవాటున్నవారైతే ముందుకు వంగే బ్రాకెట్ తీసుకోండి.

డ్రిల్లు వేసేటప్పుడు మీరు దగ్గర నిలబడి రాలే పొడిని చూడండి. ఎర్రగా వస్తే కాల్చిన ఇటుక, బూడిద రంగులో వస్తే ఫ్లై యాష్ ఇటుక లేదా సిమెంటు దిమ్మ. రెండింటిలోనూ మామూలు ప్లగ్గులు పట్టుకుంటాయి. తెల్లగా, పిండిలా మెత్తగా, అసలు శ్రమ లేకుండా రాలిందంటే అది తేలిక దిమ్మ. కొత్త అపార్ట్‌మెంట్లలో అవే ఎక్కువ. వాటికి పొడవైన ప్రత్యేకమైన ప్లగ్గులు కావాలి, అతని దగ్గర లేకపోతే ఆ రోజు పని ఆపించండి. టీవీ వెనక నాలుగు రంధ్రాలలో వేసే స్క్రూలు దానితో వచ్చినవే వాడాలి. అవసరానికి మించి పొడవైన స్క్రూ బిగిస్తే లోపలి బోర్డుకో తెరకో గుచ్చుకుంటుంది. ఆ నష్టానికి గ్యారంటీ వర్తించదు. బ్రాకెట్‌ను రసమట్టం పెట్టి సరిచూశాకే టీవీ తగిలించమనండి. ఎత్తేటప్పుడు ఇద్దరు మనుషులు అంచులు పట్టుకోవాలి తప్ప తెర మీద అరచేయి ఆనకూడదు. పెట్టెను, అందులోని థర్మోకోలును ఓ నెల రోజులు దాచి ఉంచండి.

ఇక బొమ్మ. మీ సెట్ టాప్ బాక్సు నుంచి టీవీకి వచ్చే తీగ పసుపు, ఎరుపు, తెలుపు రంగుల మూడు కొసలతో ఉందా? ఉంటే మసకకు కారణం అదే. పసుపు కొస మోసేది పాత కాలపు బొమ్మను, అంటే నిలువున 576 గీతలను మాత్రమే. మీ తెరలో నిలువున 2160 చుక్కలున్నాయి. ఆ కాస్త బొమ్మను అంత తెరకూ సాగదీస్తే మసక కాక మరేమవుతుంది? ఒక హెచ్‌డీఎంఐ తీగ కొని దాని స్థానంలో పెట్టండి. టీవీ, బాక్సు రెండింటి స్విచ్చులూ కట్టేసిన తరువాతే గుచ్చండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో కరెంటు ఉండగా గుచ్చి పోర్టులు కాల్చుకున్నవారు నా దగ్గరికి చాలామంది వచ్చారు. తరువాత బాక్సు మెనూలో బొమ్మ నాణ్యతను 1080కి, తెర ఆకారాన్ని 16:9కి మార్చండి. ఛానళ్లు కూడా హెచ్‌డీవే ఎంచుకోవాలి. సాధారణ ఛానలు హెచ్‌డీఎంఐ తీగలో వచ్చినా సాధారణంగానే ఉంటుంది. 4కె కార్యక్రమాలు ప్రస్తుతానికి ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారానే వస్తాయి.

మనుషులు లావుగా కనిపించడం సాగదీత వల్లనే. పాత కార్యక్రమాలు 4:3 ఆకారంలో తీసినవి. వాటిని ఉన్నట్టే ఉంచితే రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి, అది లోపం కాదు. అక్షరాల వరుస తెగడానికి కారణం, టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కత్తిరించడం. చిత్రం ఆకారం మెనూలో ‘ఒరిజినల్’, ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ అనే మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. అది ఎంచుకోండి.

నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. టీవీ వాటి మధ్య తానే కొన్ని బొమ్మలు కల్పించి ఇరికించడం వల్ల కదలిక నున్నగా, వీడియోలా మారుతుంది. పిక్చర్ మెనూలో ‘మోషన్’ అనే మాటతో ఉన్నదాన్ని ఆపేయండి. క్రికెట్టుకు మాత్రం ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి. పిక్చర్ మోడ్‌ను ‘వివిడ్’ నుంచి ‘మూవీ’కో ‘సినిమా’కో మార్చండి. మొదటి రోజు బొమ్మ పచ్చబారినట్టు అనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడి మనుషుల చర్మం మనుషుల చర్మంలా కనిపిస్తుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఎక్కువ పెడితే ముఖాల చుట్టూ తెల్లని గీత వస్తుంది. చేసిన మార్పులు కాసేపటికి వాటంతట అవే పోతున్నాయంటే టీవీ దుకాణం మోడ్‌లో ఉన్నట్టు, దాన్ని హోమ్ మోడ్‌కు మార్చాలి.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఎల్‌ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ తెరే. దానికి వెనుకనుంచి వెలుగునిచ్చేవి ఎల్‌ఈడీలు. మీలాంటి సన్నని టీవీలు చాలావాటిలో ఆ దీపాలు తెర వెనకంతా కాక అంచున ఒక వరుసగా ఉంటాయి. ఒక పలక ఆ వెలుగును తెరంతా పరుస్తుంది. సన్నదనం అక్కడినుంచే వచ్చింది. అందుకే చీకటి దృశ్యాల్లో మూలలు కొద్దిగా తెల్లబారడం సహజం. రాత్రి దీపాలార్పి నల్లని బొమ్మ పెట్టి చూడండి. మబ్బులాంటి మరకలు కొట్టొచ్చినట్టుంటే మార్పిడి గడువు లోపలే ఫోటో తీసి దుకాణంవారికి చూపండి. మెనూలో ‘బ్యాక్‌లైట్’ వేరు, ‘బ్రైట్‌నెస్’ వేరు. వెలుగు తగ్గించవలసింది బ్యాక్‌లైట్‌తో. రాత్రిపూట సగానికి తగ్గిస్తే కంటికీ హాయి, వేడి తగ్గి దీపాలకూ మన్నిక.

స్టెబిలైజరు అవసరం మీకు లేదనే నా అభిప్రాయం. టీవీ వెనక అంటించిన చీటీ చదవండి; 100 నుంచి 240 వోల్టులని ఉంటే లోపలి సరఫరాయే హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. ఆ డబ్బుతో మంచి స్పైక్ గార్డు కొని, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గు పాయింటుకు ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి. శబ్దం గురించి మరో సభ్యులు రాస్తారని ఆశిస్తున్నాను.

జవాబు – పెద వాల్తేరు సభ్యురాలు

శబ్దం సంగతి నేను రాస్తాను, మా అత్తగారి కోసం ఇదే తిప్పలు పడ్డాము. సన్నని టీవీలో స్పీకర్లకు చోటుండదు. అవి చిన్నవి, పైగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట మనకు సూటిగా రాకుండా గోడకు తగిలి వస్తుంది. ముందు ఖర్చు లేని పని చేయండి: సౌండ్ మెనూలో ‘క్లియర్ వాయిస్’, ‘స్పీచ్’ లేదా ‘న్యూస్’ అని ఉన్నది పెట్టండి, సరౌండ్‌ను ఆపేయండి. అది చాలకపోతే చిన్న సౌండ్‌బార్ తీసుకుని, టీవీలో ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపండి. పక్క పోర్టులో గుచ్చితే శబ్దం రాదు. మేము రెండు రోజులు అలాగే పొరబడ్డాము. సెట్టింగుల్లో ‘సీఈసీ’ కూడా ఆన్ చేయాలి. అప్పుడు ఒకే రిమోట్‌తో శబ్దం పెరుగుతుంది, పెద్దవారికి అది చాలా సుఖం. బ్లూటూత్‌తో కలిపితే మాటకూ పెదవికీ తేడా వచ్చే అవకాశముంది.

ఇంకొక సంగతి. మా టీవీ వంటింటి కిటికీ ఎదురుగా ఉండేది. రెండు వానాకాలాలు గడిచేసరికి బాక్సు బొమ్మ వస్తూ పోతూ ఉండేది. మరమ్మతుకు వచ్చిన అబ్బాయి హెచ్‌డీఎంఐ తీగ లాగి టార్చి వేసి చూపించాడు: లోపలి రాగి కాళ్ల మీద సన్నని పచ్చని చిలుము, పక్కనున్న స్క్రూ తలల మీద తుప్పు. ఉప్పుగాలి చేసిన పని అది. వాడని పోర్టులకు ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, అవి పెట్టండి. ఏసీ గదిలో టీవీ ఉంటే మరీ జాగ్రత్త అవసరం. చల్లబడిన టీవీ మీదికి తలుపులు తెరిచి సముద్రపు గాలి వదిలితే, చల్లని గ్లాసు మీద నీటిబొట్లు పట్టినట్టు లోపల తేమ పడుతుంది.

మళ్లీ – లాసన్స్ బే కాలనీ సభ్యురాలు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మాస్టారూ, తీగ మీరు చెప్పిన మూడు రంగులదే. శనివారం మార్చగానే ఛానల్ గుర్తు అంచులు కూడా స్పష్టంగా కనిపించాయి. మోషన్ ఆపాక నాన్నగారు రాత్రి సినిమా చివరిదాకా చూశారు. ఆదివారం దక్షిణపు గోడకు బిగించారు. పొడి బూడిద రంగులో వచ్చింది. అబ్బాయి తలుపు ఎత్తుకే గుర్తు పెట్టబోతే ఆపి, కొలత టేపుతో 31 అంగుళాల దగ్గర అడుగు అంచు వచ్చేలా పెట్టించాను. స్పీచ్ మోడ్‌తో మాటలు కొంత మెరుగయ్యాయి, సౌండ్‌బార్ వచ్చే నెల తీసుకుంటాము.

రెండు సందేహాలు మిగిలాయి. మేము టీవీకి పది అడుగుల దూరంలో సోఫాలో కూర్చుని చూస్తాము, 4కె తేడా మాకు తెలియడం లేదు. అలాగే తెర మీద రోజూ సన్నని జిగురు పొర చేరుతోంది, దాన్ని ఎలా తుడవాలి?

జవాబు – డాబాగార్డెన్స్ సభ్యుడు

సంతోషమమ్మా. 43 అంగుళాల తెర మీద 1080కీ 4కెకూ తేడా మామూలు చూపుకు ఐదారు అడుగుల లోపలే తెలుస్తుంది. పది అడుగుల నుంచి తెలియకపోవడం సహజమే. సోఫాను ఏడెనిమిది అడుగులకు జరిపితే బొమ్మ నిండుగా ఉంటుంది, నాన్నగారికి మాటలు కూడా దగ్గరవుతాయి.

ఆ జిగురు ఉప్పే. టీవీ కట్టేసి చల్లారనిచ్చాక, ముందు మెత్తని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా దులపండి. ఉప్పు పలుకులను ఒత్తి రుద్దితే గీతలు పడతాయి. తరువాత గుడ్డ కొసను మంచినీటితో తడిపి, గట్టిగా పిండి, పై నుంచి కిందికి తుడిచి, వెంటనే పొడి గుడ్డ పట్టించండి. నీటిని తెర మీద నేరుగా చల్లకూడదు, అది అడుగు అంచులోకి జారి లోపలికి పోతుంది. అద్దాలు తుడిచే ద్రవాలు తెర పూతను తినేస్తాయి కనుక వాటి జోలికి పోవద్దు. వారానికొకసారి చాలు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు, ఉరుములు మొదలయ్యేలా ఉన్నప్పుడు స్విచ్చు కట్టేస్తే సరిపోదు. ప్లగ్గు పీకేయండి, బాక్సుకు వచ్చే డిష్ తీగనూ విప్పేయండి. డాబా మీది డిష్ మీద పడిన పిడుగు ఆ తీగ వెంటే బాక్సులోకి, అక్కడినుంచి హెచ్‌డీఎంఐ ద్వారా టీవీలోకి వస్తుంది. కరెంటు పోయి వచ్చాక పది నిమిషాలు ఆగి పెట్టండి.