కొత్త సాల్ట్‌వాటర్ ట్యాంక్: అమ్మోనియా సున్నా, నైట్రైట్ మాత్రం దిగట్లేదు. చేపలు వేయొచ్చా?

కూకట్‌పల్లి రీఫ్
200 లీటర్ల ట్యాంక్. డ్రై రాక్ (బ్యాక్టీరియా పట్టని ఎండు రాళ్లు), అరగొనైట్ ఇసుక, ఆర్వో నీళ్లలో కలిపిన రీఫ్ సాల్ట్. ఉప్పు స్పెసిఫిక్ గ్రావిటీలో 1.025, టెంపరేచర్ 26 డిగ్రీలు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి కదా, ఆ బ్యాక్టీరియా కుదురుకునే "సైకిల్" కోసం సీసా బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకి తెచ్చాను. మూడు వారాలు దాటింది. ఇప్పుడు అమ్మోనియా ఎప్పుడు వేసినా మర్నాటికి సున్నా. నైట్రైట్ ట్యూబ్ మాత్రం ముదురు ఊదా రంగులోనే ఉంది. నైట్రేట్ అయితే చార్టులో ఆఖరి గడి కూడా దాటి ఎర్రగా వస్తోంది. షాపులో అడిగితే "ఓ నాలుగు డామ్‌సెల్స్ వేసేయండి సార్, అవి ఎందులోనైనా బతుకుతాయి" అన్నారు. ఇంట్లో పిల్లలేమో క్లౌన్ చేప ఎప్పుడొస్తుందని రోజూ ప్రాణం తీస్తున్నారు. ఏం చేయమంటారు?

మాదాపూర్ మెరైన్
డామ్‌సెల్స్ అనే ఆ మొండి చిన్న చేపల ఊసే ఎత్తకండి. బతుకుతాయి, నిజమే. మొప్పలు కాలినా బతుకుతాయి. ఆ తర్వాత ట్యాంక్ మొత్తం తమదే అన్నట్టు కొత్తగా వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. వాటిని పట్టాలంటే పేర్చిన రాళ్లన్నీ బయటికి తీయాలి. అయినా మీ బ్యాక్టీరియా అమ్మోనియా తినడం మొదలుపెట్టాక ఇంకా చేపను బలిపెట్టడం దేనికి?

నైట్రేట్ రీడింగ్ ఇప్పుడు నమ్మకండి. ఆ కిట్ నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి అప్పుడు కొలుస్తుంది. నీళ్లలో అప్పటికే ఉన్న నైట్రైట్ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. నైట్రైట్ సున్నా అయ్యాక చూడండి, అసలు అంకె తెలుస్తుంది.

భీమవరం గట్టు
నాది వనామీ రొయ్యల చెరువుల బతుకండీ, ఇంట్లో ట్యాంక్ ఈమధ్యే పెట్టాను. రెండు చోట్లా శత్రువు ఒకటే. మీ టెస్ట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో విషమైన భాగం ఎంతన్నది పీహెచ్‌ని బట్టి ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ విషం దాదాపు పది రెట్లవుతుంది. మంచినీళ్ల ట్యాంక్ 7 దగ్గర నడుస్తుంది, మనది 8.2. కాబట్టి గోల్డ్‌ఫిష్ పెంచినవాళ్లు "కొంచెం అమ్మోనియా ఉన్నా ఏం కాదు" అంటే వినకండి. చెరువులో కూడా మధ్యాహ్నం పీహెచ్ ఎక్కినప్పుడే రొయ్యకు కష్టం.

నైట్రైట్ కథ దీనికి రివర్సు. మా దగ్గర ఉప్పు తక్కువున్న బోరు నీళ్ల చెరువుల్లో నైట్రైట్ పెరిగితే రాత్రికి నిద్ర ఉండదు. అదే ఉప్పు ఎక్కువున్న చెరువులో అంత టెన్షన్ పడం. నీళ్లలో క్లోరైడ్ దండిగా ఉంటే నైట్రైట్‌ను ఒంట్లోకి అంతగా పోనివ్వదు. మీది పూర్తి సముద్రపు ఉప్పు. ఆ ఊదా రంగు చూసి మరీ బెంగపడక్కర్లేదు.

డాలస్ ఉప్పునీళ్లు
గట్టు గారి మాటకు నాదీ ఓటు. అమ్మోనియా 24 గంటల్లో పోతోందంటే జత క్లౌన్లకు అది చాలు. చిన్నవి రెండు వేసి, మేత తక్కువ పెట్టండి. మాకు ఇక్కడ ఫ్లోరిడాలో సముద్రంలోనే పెంచిన లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన రాయి) అమ్ముతారు. రెండు ముక్కలు పెడితే సైకిల్ తొందరగా తెమిలిపోతుంది. మీకు వైజాగ్ సముద్రం ఉంది కదా, ఒక రాయి తెప్పించుకోకూడదూ?

రుషికొండ అలలు
బావగారూ, ఆ సలహా మాత్రం వద్దు. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. మన సముద్రంలోంచి పగడపు రాయి తీస్తే పులిని పట్టినట్టే లెక్క. అందుకే ఇక్కడ అందరూ డ్రై రాక్‌తోనో సిరామిక్ బ్లాకులతోనో మొదలుపెడతారు.

నేను సముద్రపు నీళ్లే వాడతాను. ఒడ్డు నీళ్లు కాదు, పడవ వాళ్లను అడిగి లోపలి నీళ్లు తెప్పించుకుంటాను. వానాకాలం తర్వాత నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతంలో ఉప్పు పలచబడుతుంది, రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు కొలవకుండా పోయకండి. ఒకటి మాత్రం చెబుతా: సముద్రపు నీళ్లు పోస్తే సైకిల్ అక్కర్లేదనుకుంటారు చాలామంది. ఆ బ్యాక్టీరియా ఉండేది రాయి మీద, ఇసుక మీద. నీళ్లు ఎంత అసలైనవైనా సైకిల్ తప్పదు.

మాదాపూర్ మెరైన్
డాలస్ గారితో నేను ఏకీభవించను. ఈ ఉప్పునీళ్లలో నైట్రైట్ చేపను చంపదు, సరే. కానీ అది దిగకపోవడం అంటే రెండో రకం బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదని. అది మొదటిదాని కంటే నెమ్మది. ట్యాంక్ సగం పనే నేర్చిందన్నమాట. ఇంకో పదిరోజులు ఆగితే పోయేదేముంది? ఆలోగా అమ్మోనియా రోజూ వేయకండి. వేసిన ప్రతిసారీ నైట్రైట్ కొండ పెరుగుతుంది.

కూకట్‌పల్లి రీఫ్
రోజు విడిచి రోజు వేస్తున్నాను. ఆపేస్తాను. మా వీధిలో కళాయి వేసేవాళ్ల దగ్గర నవసాగరం చౌకగా దొరుకుతుంది, అదీ అమ్మోనియం క్లోరైడూ ఒకటేనా?

మాదాపూర్ మెరైన్
రసాయనం అదే, మలినాలు ఏముంటాయో ఎవరికీ తెలియదు. ల్యాబ్ కెమికల్స్ షాపులో ప్యూర్ గ్రేడ్ తీసుకోండి. 200 లీటర్లకు 2 పీపీఎం రావాలంటే సుమారు 1.25 గ్రాములు, చిన్న డబ్బా మీ జన్మకు సరిపోతుంది. రాళ్లు ఆక్రమించిన చోటు తీసేసి అసలు నీళ్లెన్నో లెక్కేసుకోండి. ఇంతకీ ఆర్వో అంటే వంటింటి ప్యూరిఫయరా?

కూకట్‌పల్లి రీఫ్
అదే. ఏం?

మాదాపూర్ మెరైన్
వాటిలో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. వడకట్టిన నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు మళ్లీ కలిపేస్తుంది. ఆ మామూలు నీళ్లలోని సిలికేట్ అలా ట్యాంక్‌లోకి వస్తుంది. ఇసుక మీద దానితో పెరిగే బ్రౌన్ నాచు పొర కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కంట్రోలర్‌కి ముందునుంచి పైపు తీసి డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) పెట్టుకోండి, టీడీఎస్ మీటర్‌లో సున్నా రావాలి. అప్పటిదాకా లైట్లు ఆర్పేయండి. బ్యాక్టీరియాకు వెలుతురు అక్కర్లేదు, నాచుకే కావాలి.

కూకట్‌పల్లి రీఫ్
అప్‌డేట్. నైట్రైట్ ట్యూబ్ నీలంగా వచ్చింది, అంటే సున్నా! నమ్మలేక 2 పీపీఎం అమ్మోనియా మళ్లీ వేసి చూశాను. మర్నాడు ఇదే టైమ్‌కి రెండూ సున్నా. నైట్రేట్ 40 ఉంది. సగం నీళ్లు మారుస్తున్నాను. ట్యాంక్‌లో పెంచిన క్లౌన్ జత ఒకటి చెప్పిపెట్టాను. నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పోదు కదా?

రుషికొండ అలలు
పోదు, అది రాళ్లకు అంటుకుని ఉంటుంది. కొత్త నీళ్ల ఉప్పు, టెంపరేచర్ ట్యాంక్‌తో సరిపోయేలా చూసుకోండి చాలు. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. తగ్గినంత ఉత్త ఆర్వో నీళ్లే పోయండి, ఉప్పు నీళ్లు కాదు. ఉప్పు ఆవిరవదు.

భీమవరం గట్టు
కరెంటు సంగతి ఎవరూ మాట్లాడలేదేం? మా చెరువుల్లో ఏరియేటర్లు ఆగితే జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాం. ఈ బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోండి. కానిస్టర్ ఫిల్టర్ (మూత బిగించిన డబ్బా ఫిల్టర్) ఉంటే ఇంకో జాగ్రత్త: కరెంటు గంటల తరబడి పోతే లోపలున్న నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి కుళ్లుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేయకండి. ముందు ఆ నీళ్లు పారబోసి, లోపలి మీడియాను (బ్యాక్టీరియా ఉండే స్పాంజి, రింగులు) ట్యాంక్ నీళ్లతో కడిగి, అప్పుడు ఆన్ చేయండి.