మగ్గుల మీద మిక్కీ బొమ్మ వేస్తే కేసవుతుందా?

మగ్గుల కొట్టు, తిరుపతి:
అన్నా, కొర్లగుంటలో నాకు చిన్న ప్రింటింగ్ కొట్టుంది. పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులకని 40 మగ్గుల మీద మిక్కీ మౌస్ వేయమని ఆర్డరొచ్చింది. మిక్కీ కాపీరైట్ అయిపోయిందని మా తమ్ముడు ఫోన్‌లో వార్త చూపించినాడు. వేసేయొచ్చా? అడ్వాన్సు కూడా తీసుకున్నా, అదే టెన్షన్.

చిత్తూరు వకీలు:
మీ తమ్ముడు చూసింది సగం నిజం. 2024 జనవరి 1న గడువు తీరింది 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’కి, అదీ అమెరికాలో. అందులో మిక్కీ తెలుపు నలుపు, చేతికి గ్లౌజులుండవు. మీ కస్టమర్ అడిగింది ఎర్ర నిక్కరు మిక్కీనే అయ్యుంటుంది. తర్వాత వచ్చిన రూపాల లెక్క వేరు. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారు, గీసినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ముందు 50 ఉండేది, టాగోర్ రచనల గడువు తీరిపోతోందని 1992లో పెంచారు. వీటన్నిటికీ మించి ట్రేడ్‌మార్క్ ఉంది, అంటే ఫలానా కంపెనీదని చెప్పే గుర్తు మీద హక్కు. పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటే దానికి చావే లేదు. వేయొద్దనే చెప్తా.

మగ్గుల కొట్టు:
40 మగ్గులకు ఎవరొస్తారన్నా? గాంధీ రోడ్డులో స్కూలు బ్యాగుల నిండా అవే బొమ్మలు కదా.

చిత్తూరు వకీలు:
రాకపోవచ్చు. వస్తే మాత్రం అదే కాపీరైట్ చట్టం సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. పక్కవాడూ అమ్ముతున్నాడంటే జడ్జి వినడు.

పాత చందమామ, చంద్రగిరి:
మన బొమ్మలు వేయరాదా నాయనా? భుజాన బేతాళుడితో విక్రమార్కుడు మగ్గు మీద ఎంత బాగుంటాడు!

మగ్గుల కొట్టు:
భలే చెప్పినారు సార్. ఇంట్లో పాత చందమామ సంచిక ఉంది, ఆ బొమ్మే స్కాన్ చేసేస్తా.

చిత్తూరు వకీలు:
ఆగండాగండి! కథ వందల ఏళ్లది, ఎవరి సొత్తూ కాదు. బొమ్మ అలా కాదు. అది గీసిన శంకర్ గారు 2020లో పోయారు, అంటే 2080 చివరిదాకా గడువుంది. ఇప్పుడు హక్కు ఎవరి చేతిలో ఉందన్నది వేరే సంగతి. బుడుగు జోలికీ పోకండి. రాసిన ముళ్లపూడి 2011లో, గీసిన బాపు 2014లో పోయారు. ‘కన్యాశుల్కం’ గిరీశం కావాలంటే నిక్షేపంగా వాడుకోండి, గురజాడ పోయింది 1915లో. ఏదైనా బొమ్మ మాత్రం కొత్తగా గీయించండి. గూగుల్‌లో దొరికిందల్లా ఫ్రీ కాదు.

మగ్గుల కొట్టు:
మా మరదలు బాగా గీస్తుంది. చాలా?

చిత్తూరు వకీలు:
చాలు. డబ్బిచ్చి, హక్కులు మీకే ఇస్తున్నట్టు కాగితం రాయించుకోండి.

మగ్గుల కొట్టు:
మరదలి దగ్గర కాగితమా! ఇంట్లో అన్నం పెట్టరన్నా.

మగ్గుల కొట్టు (రెండ్రోజుల తర్వాత):
పాపకు బేతాళుడంటే భయమంట. గిరీశం ఎవరో వాళ్ల నాన్నకే తెలీదు. చివరికి తెనాలి రామకృష్ణుడి పిల్లి ఖాయమైంది, పాలగిన్నె చూసి పరిగెత్తేది. కాగితం కూడా రాయించినా. ఒక మగ్గు ఫ్రీగా అడిగింది.