సైటోకైన్లు ఎంత రావాలో సీడీ28 చెప్తుందా, ఏవి రావాలో కూడానా?

బరంపురం_బయో: రోగనిరోధక కణం టీ సెల్‌కి, యాంటిజెన్‌ని (అది గుర్తుపట్టే ముక్కని) పట్టే టీసీఆర్ మొదటి సిగ్నల్, సీడీ28 లాంటి కో-స్టిమ్యులేటరీ (తోడు సిగ్నల్ ఇచ్చే) రిసెప్టర్లు రెండోది, ఇంతవరకు గొడవ లేదు. ఆ రెండోది సైటోకైన్లని (సెల్స్ ఒకదానికొకటి పంపుకునే ప్రోటీన్ సంకేతాల్ని) పెంచడమేనా, ఏవి రావాలో కూడా తేలుస్తుందా? నా మటుకు రెండూ. భువనేశ్వర్ కోచింగ్‌లో అదే రాస్తే సున్నా వేశారు, ఇప్పటికీ కడుపు మండుతోంది.

పర్లాకిమిడి_మాస్టారు: సున్నా సరైందే బాబూ. ఏవి రావాలన్నది చుట్టూ ఉన్న సైటోకైన్లు చెప్తాయి, ఐఎల్-12 అనే సైటోకైన్ ఉంటే ఇంటర్ఫెరాన్ గామా అనేదాని వైపు, ఐఎల్-4 ఉంటే మళ్లీ ఐఎల్-4 వైపు. సీడీ28 వచ్చిన సిగ్నల్‌ని గట్టి చేస్తుంది, ఐఎల్-2 అనే సైటోకైన్ తయారీ సూచన మోసే ఎంఆర్‌ఎన్‌ఏ తొందరగా చెడిపోకుండా కాపాడుతుంది.

రాయగడ_రమ: మరి ఐకాస్ సంగతేటి?

బరంపురం_బయో: అదే అక్కా! ఐకాస్ కూడా సీడీ28 కుటుంబంలోని రిసెప్టరే, కానీ ఐఎల్-2ని పెద్దగా పెంచదు, ఐఎల్-4, ఐఎల్-10 పెంచుతుంది. ఉత్త గట్టి చేయడమే అయితే ఈ తేడా ఎందుకు? 2006లో లండన్‌లో సీడీ28ని తట్టే ప్రయోగ మందు టీజీఎన్1412 ఎక్కించిన 6గురికి ఏమైంది, సీడీ28ని ఒక్కదాన్నే తట్టి లేపితే గంటల్లో టీఎన్ఎఫ్, ఇంటర్ఫెరాన్ గామా ఎగిసిపోయి అందరూ ఐసీయూలో పడ్డారు.

పర్లాకిమిడి_మాస్టారు: ఒక్కదాన్నే అనకు. టీసీఆర్ కింది యంత్రాంగం లేకపోతే ఆ మందు పనిచెయ్యదు.

బరంపురం_బయో: యాంటిజెన్ లేదన్నాను అంతే.

పర్లాకిమిడి_మాస్టారు: ఒక్కదాన్నే అని రాశావు, పైన చూసుకో. మా ఆవిడకి కీళ్లవాతం, విశాఖ తీసుకెళ్లి అబటాసెప్ట్ పెట్టించాం, సీడీ80, సీడీ86లని పట్టేసి సీడీ28కి అందనివ్వని మందు అది. నొప్పులు తగ్గాయి, వెనకే న్యుమోనియా వచ్చింది, ఇన్ఫెక్షన్ల గురించి డాక్టరు ఒక్క ముక్క చెప్పలేదు. ఏరి ఏరి తేల్చే రిసెప్టరే అయితే చెడ్డ సైటోకైన్లు మాత్రమే ఆగాలి కదా?

ఇచ్ఛాపురం_కుర్రోడు: ఆంటీ ఇప్పుడెలా ఉన్నారు మాస్టారూ?

బరంపురం_బయో: ఆమెకలా అవడం నాకూ బాధే, కానీ అది సాక్ష్యం కాదు. ఆ మందు సీడీ28 దారి మొత్తం మూస్తుంది, ఐకాస్‌కి లైగాండే (దాన్ని తట్టే అణువే) వేరు.

పర్లాకిమిడి_మాస్టారు: రాత్రంతా ఊపిరాడక కూర్చున్న మనిషి సాక్ష్యం కాదు, ప్లేటులో ఎలకల సెల్స్ మాత్రం సాక్ష్యమా!

రాయగడ_రమ: ఇద్దరూ ఒకే సెల్ గురించి మాట్లాడట్లేదు. మాస్టారిది మొదటిసారి యాంటిజెన్ చూసే నైవ్ సెల్, దానిమీద సీడీ28 ఉంటుంది, ఐకాస్ దాదాపు ఉండదు. తమ్ముడిది యాక్టివేట్ అయ్యి ఐకాస్ తెచ్చుకున్న సెల్. టీజీఎన్1412 కోతుల్లో ఏమీ చెయ్యకపోవడం కూడా ఇలాంటిదే, వాటి ఎఫెక్టర్ మెమరీ (యాంటిజెన్‌ని ముందే చూసిన) సీడీ4 టీ సెల్స్‌ మీద సీడీ28 ఉండదు, మనకి ఉంటుంది.

పర్లాకిమిడి_మాస్టారు: నా కోపం అక్కడే అమ్మా. కోతుల్లో చూసి మనుషులకి ఎక్కించేశారు. ఏ సెల్‌లో ఏమవుతుందో తేలకుండానే ఈ రిసెప్టర్ తడితే ఈ సైటోకైన్ అని పిల్లలకి నేర్పితే, రేపు వీళ్లే కదా మందులు తయారుచేసేది.

బరంపురం_బయో: ఆ రీసెర్చే లేకపోతే ఆవిడకి అబటాసెప్టే ఉండేది కాదు. క్యాన్సర్‌ని పట్టేలా ల్యాబులో కృత్రిమ రిసెప్టర్ పెట్టిన కార్-టీ సెల్‌లో, ఆ రిసెప్టర్ ముందు భాగం అలాగే ఉంచి లోపల సీడీ28 బదులు 4-1బీబీ అనే మరో కో-స్టిమ్యులేటరీ భాగం పెడితే సెల్ తీరే మారుతుంది, నెమ్మదిగా లేచి ఎక్కువ కాలం బతుకుతుంది. రిస్క్ ఉందని తేడానే లేదంటే ఎలా?

పర్లాకిమిడి_మాస్టారు: నైవ్ సెల్‌లో సీడీ28 చెప్పేది ఎంత అన్నదే, ఆ మాట మార్చను. తేడా ఉందంటే సరే, ఆ రిస్క్‌ని పేషెంటుకి ముందే చెప్పండంటున్నా.

బరంపురం_బయో: అది సీడీ28 ప్రశ్న కాదు మాస్టారూ. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, అందులో మీ పక్కనే ఉంటా.