యార్క్‌షైర్‌లో అక్టోబరు నడక: కాలువ గట్లు, కొండలు, పొలం దారులు

ప్రశ్న (విజయనగరం, విశ్రాంత అధ్యాపకుడు)

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసుకున్నాక నేనూ నా శ్రీమతీ ఇంగ్లండు బయలుదేరి, లీడ్స్ దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంట్లో నవంబరు మధ్య వరకు ఉండబోతున్నాము. పగలంతా కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు కనుక, అక్కడి పల్లెల్లో కాలువల వెంట, కొండల మీద మేమిద్దరమే నడవాలని ఎంతో కోరికగా ఉంది. నడక మాకు కొత్త కాదు. రామతీర్థంలో బోధికొండ ఇప్పటికీ ఎక్కుతాము, అయితే దిగేటప్పుడు ఆవిడకు మోకాళ్లు నొప్పి పెడతాయి. మా వయసువారికి తగిన దారులేవి, పరాయివారి పొలాల్లోంచి నడిస్తే ఎవరైనా అభ్యంతరం చెబుతారా, ఆ నెలల్లో వాతావరణం ఎలా ఉంటుంది అన్నవి తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (శ్రీకాకుళం)

మాస్టారూ, మోకాళ్ల సంగతి చెప్పారు కనుక కాలువ గట్టుతోనే మొదలుపెట్టండి. లీడ్స్ నుంచి లివర్‌పూల్ దాకా 204 కిలోమీటర్లు సాగే కాలువ 1816లో పూర్తయింది. మన తోటపల్లి కాలువల్లాగా పొలాలకు నీరందించడానికి కాక, బొగ్గు, సున్నపురాయి, ఉన్ని వంటి సరుకులను పడవల్లో తరలించడానికి దాన్ని తవ్వారు. గట్టు మీద నడుస్తూ గుర్రాలు ఆ పడవలను తాళ్లతో లాగేవి, ఆ గుర్రాల దారే నేడు నడిచేవారి దారి అయింది. అందువల్ల లాకుల దగ్గర తప్ప మరెక్కడా చెప్పుకోదగ్గ ఎక్కుడు ఉండదు.

లీడ్స్‌లో రైలెక్కి బింగ్లీలో దిగితే, కొద్ది దూరంలోనే 1774లో కట్టిన అయిదు లాకుల వరుస కనిపిస్తుంది. ఒక లాకు పైతలుపే దాని మీది లాకుకు కింది తలుపు కావడం వల్ల, పడవ ఒక్కొక్క తొట్టిలో నీటితో పాటు లేస్తూ మొత్తం 18 మీటర్లు పైకి చేరుతుంది. పడవ ఏదైనా వస్తుంటే తప్పకుండా ఆగి చూడండి, నాకు ఆ ప్రాంతమంతటిలో అంతకు మించిన దృశ్యం లేదు. అక్కడి నుంచి గార్‌గ్రేవ్ ఊరి వరకు సుమారు 27 కిలోమీటర్ల మేర ఒక్క లాకు కూడా లేదు, నీరంతా ఒకే మట్టంలో నిలిచి ఉంటుంది. కీత్లీ, స్కిప్టన్ మీదుగా రైలు కూడా అదే లోయలో నడుస్తుంది కనుక, అలసట అనిపించినప్పుడు దగ్గరి స్టేషన్‌కు చేరి వెనక్కి వచ్చేయవచ్చు. రెండో వైపు నడిస్తే, ఎయిర్ నదిని కాలువే వంతెన మీదుగా దాటే డౌలీ గ్యాప్ దాటి, 1853లో తెరిచిన నూలుమిల్లు చుట్టూ కట్టిన సాల్టెయిర్ ఊరు వస్తుంది. అక్కడ నూలంటే పత్తినూలు కాదు, ఉన్నినూలు. 2001 నుంచి అది ప్రపంచ వారసత్వ ప్రదేశం. పొందూరు నేత ఎరిగిన మనవారు అక్కడ కాసేపు నిలవకుండా రాలేరు.

జవాబు (బొబ్బిలి)

పొలాల ప్రశ్నకు నేను రాస్తాను. ఇంగ్లండు, వేల్సులలో కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల దారుల మీద నడిచే హక్కు ప్రజలందరికీ ఉంది. అవి సొంత భూముల్లోంచి పోతున్నా యజమాని వాటిని మూయకూడదు. పొలానికి అడ్డంగా పోయే దారిని దున్నవలసి వచ్చినా, చట్టం చెప్పిన గడువులోగా తిరిగి నడవదగినట్లు చేయాలి. పసుపుపచ్చ బాణం గుర్తు నడిచేవారి దారిని, నీలం బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా అనుమతి ఉన్న దారిని చూపుతాయి. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో ఈ దారులు ఆకుపచ్చ గీతల ముక్కలుగా ఉంటాయి. ఫోను మీదే ఆధారపడకుండా ఆ పటం ఒకటి కొనుక్కోండి.

కొండ మీది బీడు భూముల్లో చాలా చోట్ల దారి వదిలి తిరిగే హక్కు 2000 నాటి చట్టంతో వచ్చింది. అది ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మిల్లుల్లోనూ కార్ఖానాల్లోనూ పనిచేసే వందలాది యువకులు, వేటకోసం ధనికులు మూసి ఉంచిన కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని లెక్కచేయకుండా ఎక్కారు, కొందరు జైలుకు వెళ్లారు. ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ 1951లో బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనమైంది. కనుక పొలాల్లోని ఆ దారుల మీద సంకోచపడకుండా నడవండి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి, దూడలతో ఉన్న ఆవుల మంద ఎదురైతే దూరంగా చుట్టి వెళ్లండి.

జవాబు (పాలకొండ, గృహిణి)

పెద్దలిద్దరూ బాగా చెప్పారు, అయితే కాలువ గట్టుతోనే తృప్తిపడి తిరిగి రావద్దని నా మనవి. లీడ్స్ నుంచి ఇల్క్‌లీకి నేరుగా రైలుంది, ఊరి వెనుకనే బీడుకొండ మొదలవుతుంది. దాని అంచున ఆవూ దూడా అని పిలిచే పెద్ద బండల దాకా వెళ్లి వచ్చినా చాలు, వార్ఫ్ నది లోయంతా కనిపిస్తుంది. ఊదారంగు హెదర్ పూలు మీరు వెళ్లేసరికి వాడిపోతాయి, కానీ కొండవాలున ఫెర్న్ పొదలు రాగిరంగుకు తిరిగి ఉంటాయి. చెట్ల ఆకుల రంగు చూడాలంటే అక్టోబరు చివరి వారం, నవంబరు మొదటి వారం మంచివి.

తిత్లీ తుఫాను చూసిన మనకు అక్కడి వాన పెద్దదిగా తోచదు. అయితే అది సన్నగా, చల్లగాలితో గంటల తరబడి పడుతుంది. దారి బురదవుతుంది, రాలిన ఆకులు తడిసి జారతాయి. అమ్మగారికి చీలమండ దాకా వచ్చే బూట్లు, ఉన్ని మేజోళ్లు, వాన కోటు తప్పనిసరి. కంచెలు దాటడానికి వేసిన రాతి మెట్లు ఎక్కవలసి వస్తుంది, చీర కట్టుకుని అది కష్టం. దిగుడులో మోకాళ్ల మీద భారం తగ్గడానికి రెండు చేతికర్రలు తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తరువాత అయిదు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది, నవంబరు మధ్యకు వచ్చేసరికి నాలుగు దాటిన కాసేపటికే. మూడు గంటలకల్లా కొండ దిగి ఉండండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా కోడలు బోల్టన్ యాబీ పేరు కూడా చెబుతోంది. అక్కడి నది ఒడ్డు మావంటివారికి క్షేమమేనా?

జవాబు (శ్రీకాకుళం)

తప్పక వెళ్లండి మాస్టారూ, పాత మఠం శిథిలాల పక్కనుంచి వార్ఫ్ నది వెంట అడవిదారి ఎంతో అందమైనది. అయితే ఎగువన స్ట్రిడ్ అనే చోట నది అంతా ఇరుకైన రాతి చీలికలోకి దూరుతుంది. చూడ్డానికి ఒక అంగలో దాటవచ్చనిపిస్తుంది, కానీ అడుగున లోతూ ఉరవడీ విపరీతం, ప్రాణాలు పోయిన చోటు అది. బండలు నాచుపట్టి ఉంటాయి కనుక దారి మీద నుంచే చూడండి. నదికి అడ్డంగా పరిచిన అడుగురాళ్ల మీదికి వానల తరువాత వెళ్లకండి, పక్కనే కాలివంతెన ఉంది.